ఆకు పచ్చగానే ఉంది, పని మాత్రం ఎప్పుడో తగ్గింది

పాలు పోసుకునే దశలో ఉన్న వరి మడిలోకి దిగి ఒక పిలకను మొదలంటా తుంచి చూడండి. దాని మీద నాలుగైదు ఆకులే బతికి ఉంటాయి. వెన్ను పక్కన నిటారుగా నిలబడ్డది పోటాకు. దాని కింద రెండు ఆకులు ముదురు పచ్చగా ఉంటాయి. నాలుగోది లేతబారి, కొస పసుపెక్కి ఉంటుంది. ఆ కిందివి ఎండిపోయి తొడుగుకు అతుక్కుని ఉంటాయి. తల్లి పిలక అయితే అప్పటికి దాని మీద పది పదిహేను ఆకులు పుట్టి ఉంటాయి, వాటిలో సగానికి పైగా పోయి ఉంటాయి. ఇది చూడగానే చాలామందికి వచ్చే మొదటి అనుమానం, పైరుకు బలం చాల్లేదేమో, ఇంకో అరబస్తా యూరియా చల్లాలేమో అని.

ఆ అనుమానం ఒక్కోసారి నిజమే. కానీ ఎక్కువసార్లు ఆ పండాకు వెనక జరిగింది వేరు. ఆకు అరిగిపోయి చావలేదు. మొక్కే దాన్ని లోపల్నుంచి విప్పి, పనికొచ్చే సరుకంతా పైకి పంపేసింది. పాత పెంకుటిల్లు విప్పేటప్పుడు దూలాలు, ద్వారబంధాలు, తలుపులు జాగ్రత్తగా తీసి కొత్త ఇంటికి వాడుకుంటాం కదా, అలాగన్నమాట. ఈ విప్పడం ఎప్పుడు మొదలవుతుంది, ఏది ముందు తీస్తారు, ఎవరు తీయమంటారు అనేదే అసలు కథ. మన కంటికి పసుపు కనిపించేసరికి ఆ కథ సగానికి పైగా అయిపోయి ఉంటుంది.

బడి పుస్తకంలో కిరణజన్య సంయోగక్రియ ఒక సమీకరణం. నీరు, కార్బన్ డయాక్సైడ్, ఎండ ఒకవైపు, చక్కెర, ఆక్సిజన్ మరోవైపు. అందులో ఆకు వయసుకు చోటు లేదు. పొలంలో మాత్రం వయసే ముఖ్యం. నత్రజని లోటు లేని వరి ఆకు పూర్తిగా విచ్చుకున్న కొత్తలో, మంచి ఎండలో, చదరపు మీటరుకు సెకనుకు సుమారు 20 నుంచి 30 మైక్రోమోళ్ల కార్బన్ డయాక్సైడ్‌ను పట్టుకుంటుంది. మామూలు లెక్కలోకి మారిస్తే చదరపు మీటరు ఆకు గంటకు రెండు మూడు గ్రాముల చక్కెర చేసినట్టు. అదే ఆకు కొన్ని వారాలకు పసుపెక్కేనాటికి, అదే ఎండలో, ఇందులో నాలుగో వంతు కూడా చేయలేదు.

అలాగని పుట్టగానే ఆకు సంపాదన మొదలుపెట్టదు. లేత ఆకు తిండిపోతు. కణాలు విభజించుకోవాలి, గోడలు కట్టుకోవాలి, హరితరేణువులు తయారుచేసుకోవాలి. వీటన్నిటికీ కావలసిన చక్కెర పక్కనున్న ముదురు ఆకుల నుంచే వస్తుంది. వంగ, బెండ, పత్తి లాంటి వెడల్పాకు మొక్కల్లో ఆకు తన పూర్తి సైజులో మూడో వంతో సగమో పెరిగే దాకా బయటి నుంచి తెచ్చుకుంటూనే ఉంటుంది. ఆ తర్వాతే ఎగుమతి మొదలు. అదీ ఒక్కసారిగా కాదు. ముందు కొస భాగం పంపడం మొదలుపెడుతుంది, మొదలు భాగం ఇంకా తెచ్చుకుంటూనే ఉంటుంది. కొన్నాళ్లపాటు ఒకే ఆకులో ఒక చివర ఎగుమతి, ఇంకో చివర దిగుమతి.

వరి, మొక్కజొన్న, జొన్న లాంటి గడ్డి జాతుల్లో ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. వీటి ఆకు మొదలు దగ్గర పెరుగుతుంది. ముందు పుట్టిన భాగం పైకి నెట్టబడుతూ పోతుంది. కాబట్టి కొస ముసలిది, తొడుగులో దాగిన మొదలు పసిది. ఒకే ఆకును మొదలు నుంచి కొస దాకా ముక్కలుగా కోసి పరీక్షిస్తే, వేర్వేరు రోజుల్లో వేర్వేరు ఆకుల్ని కోసినట్టే ఉంటుంది. మొక్కజొన్నలో శాస్త్రవేత్తలు సరిగ్గా ఇదే చేసి, ఏ వయసులో ఏ జన్యువు పనిచేస్తుందో వరసగా రాసుకున్నారు. నత్రజని చాలనప్పుడు మొక్కజొన్న కింది ఆకు కొస దగ్గర పసుపెక్కి, ఆ పసుపు నడిమి ఈనె వెంబడి లోపలికి పాకడం రైతులందరూ చూసే ఉంటారు. ముసలి భాగం నుంచే విప్పడం మొదలవుతుంది మరి.

ఇక ఉచ్చ దశ. చాలా పైర్లలో ఆకు పూర్తిగా విచ్చుకునే సమయానికి, లేదా ఆ వెంటనే, కిరణజన్య సంయోగక్రియ గరిష్ఠానికి చేరుతుంది. ఆ గరిష్ఠం మీద ఆకు ఎక్కువ కాలం నిలవదు. ఎందుకో తెలియాలంటే రుబిస్కో అనే ప్రొటీన్ సంగతి తెలియాలి.

గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పట్టి చక్కెర తయారీలోకి తోసే ఎంజైమ్ ఇది. భూమ్మీద అతి ఎక్కువగా ఉన్న ప్రొటీన్లలో ఒకటి. ఇంత ఎక్కువ ఎందుకుందంటే అది మహా నిదానస్తురాలు కాబట్టి. కొన్ని ఎంజైములు సెకనుకు వందల, వేల అణువుల మీద పనిచేస్తుంటే, రుబిస్కోలో ఒక్కో పనిచోటు సెకనుకు మూడు నాలుగు కార్బన్ డయాక్సైడ్ అణువుల్ని పట్టుకుంటే గొప్ప. ఆ నిదానాన్ని మొక్క సంఖ్యతో పూడ్చుకుంటుంది. వరి ఆకులోని మొత్తం నత్రజనిలో దాదాపు నాలుగో వంతు ఈ ఒక్క ప్రొటీన్‌లోనే ఉంటుంది. హరితరేణువులన్నీ కలిపి చూస్తే ఆకు నత్రజనిలో ముప్పాతిక భాగం వాటిలోనే. అంటే మనం చల్లిన యూరియా వేళ్ల గుండా వెళ్లి ఎక్కువగా చేరేది ఈ యంత్రాల్లోకే. ఆకు ఏకకాలంలో చక్కెర కార్ఖానా, నత్రజని గోదాము కూడా. వార్ధక్యం గురించిన చిక్కులన్నీ ఈ రెండు పాత్రలు ఒకే చోట ఉండటం వల్ల వచ్చినవే.

జపాన్‌లోని సెండాయ్ నగరంలో తొహోకు విశ్వవిద్యాలయానికి చెందిన తదాహికో మాఎ, అమానే మకినో 1980ల్లో ఈ విషయాన్ని వరి మీద ఓపికగా తేల్చారు. వాళ్లు వాడింది నత్రజని-15. ఇది మామూలు నత్రజని కన్నా కాస్త బరువైన, రేడియోధార్మికత లేని ఐసోటోప్. దీన్ని మొక్కకు పెడితే, ఏ రోజు లోపలికి వచ్చిన నత్రజని ఏ ఆకులో ఏ ప్రొటీన్‌గా మారింది, ఎప్పుడు ఖాళీ అయింది అన్నది లెక్కకట్టవచ్చు. లెక్క తేలిందిలా: ఆకు విచ్చుకుంటున్నంతసేపు నత్రజని జోరుగా లోపలికి వస్తుంది, రుబిస్కో కూడా అప్పుడే కుప్పలుగా తయారవుతుంది. ఆకు పూర్తి సైజుకు రాగానే తయారీ దాదాపు ఆగిపోతుంది. అక్కణ్నుంచి ఆకు జీవితమంతా ఉన్న నిల్వ కరగడమే. అంటే విచ్చుకునే ఆ కొద్ది రోజుల్లో ఎంత రుబిస్కో కూడబెట్టుకుందో దాన్నిబట్టే ఆ ఆకు భవిష్యత్తు చాలావరకు తేలిపోతుంది. ముసలి ఆకుకు తర్వాత ఎంత పెట్టినా పడుచుదనం రావడం కష్టం. ఆ పెట్టిన నత్రజని పుడుతున్న కొత్త ఆకుకు పోతుంది.

ఆ ప్రయోగాల్లో బయటపడ్డ ఇంకో సంగతి నన్ను ఎక్కువగా ఆకట్టుకుంటుంది. వరి ఆకు ముదురుతున్నకొద్దీ రుబిస్కో తగ్గే వేగం ఎక్కువ, పత్రహరితం తగ్గే వేగం తక్కువ. మన కంటికి కనిపించేది పత్రహరితం. చక్కెర తయారీ వేగాన్ని ఎక్కువగా నిర్ణయించేది రుబిస్కో. కాబట్టి ఆకు నిగనిగలాడుతున్నా, లోపల పని చాలా వరకు తగ్గిపోయి ఉండవచ్చు. దీనికి తోడు వయసుతో పత్రరంధ్రాలు తెరుచుకోవడం తగ్గుతుంది, లోపలి కణాల గుండా కార్బన్ డయాక్సైడ్ హరితరేణువు దాకా చేరడం కూడా కష్టమవుతుంది. వెలుగును పట్టే భాగం ఉంది, పట్టిన వెలుగును వాడుకునే భాగం చిక్కిపోయింది. మిగిలిన వెలుగు శక్తిని ఆకు వేడిగా వదిలేయాలి. లేకపోతే ఆ శక్తే కణాల్ని కాల్చుతుంది.

అసలు ముందు రుబిస్కోను విప్పి పత్రహరితాన్ని తర్వాత ఎందుకు విప్పుతుంది? నత్రజని లెక్క చూస్తే అర్థమవుతుంది. రుబిస్కో నీటిలో కరిగే ప్రొటీన్, తీయడం తేలిక, లాభం ఎక్కువ. ఆకు కణాలు దాన్ని చిన్న చిన్న సంచుల్లో మూటగట్టి, జీర్ణం చేసే రిక్తికలోకి పంపే పద్ధతి ఒకటుంది. దీనివల్ల హరితరేణువు మొత్తం పగలకుండానే అందులోని సరుకు కొంచెం కొంచెంగా బయటికి వస్తుంది. పత్రహరితం అలా కాదు. దాని అణువులో నత్రజని ఉన్నా మొక్క ఆ నత్రజనిని తిరిగి తీసుకోదు. రంగులేని పదార్థాలుగా విరిచి రిక్తికలో పడేస్తుంది. మరి శ్రమపడి విరవడం దేనికంటే, దానిని పట్టుకుని ఉన్న ప్రొటీన్ల కోసం. పత్రహరితాన్ని తీసేస్తే గానీ ఆ ప్రొటీన్లు చేతికి రావు. పైగా ప్రొటీన్ పట్టు వదిలిన పత్రహరితం ఎండలో ప్రమాదకరం. అందుకే ఆ పని జాగ్రత్తగా, ఒక వరసలో జరుగుతుంది. పత్రహరితం పోయాక బయటపడే పసుపు కొత్తగా పుట్టిందేమీ కాదు. మొదటి నుంచీ అక్కడే ఉన్న కెరోటినాయిడ్ల రంగు అది.

ఇంత జరుగుతున్నా కణంలో కేంద్రకం, మైటోకాండ్రియా చివరి దాకా పనిచేస్తూనే ఉంటాయి. ఆదేశాలివ్వడానికి ఒకటి, శక్తినివ్వడానికి ఇంకొకటి కావాలి. ఈనెల్లోని పోషక కణజాలం కూడా చివరి దాకా బతికే ఉంటుంది. విప్పిన సరుకు తరలించాల్సింది దాని గుండానే. పండాకులో ఈనెల వెంట ఇంకా పచ్చ చారలు కనిపించడానికి కారణం ఇదే. తెగులు తగిలో, ఎండదెబ్బకో మాడిపోయిన ఆకులో ఈ వరస ఉండదు. సరుకు తరలించక ముందే కణం చచ్చిపోతుంది. రెండు ఆకులూ ఎండుగడ్డిలోనే కలుస్తాయి గానీ, మొక్కకు ఒకటి వసూలైన బాకీ, ఇంకొకటి మునిగిన బాకీ.

ఎంత వసూలవుతుందో అంకెల్లో చూస్తే నమ్మకం కుదురుతుంది. దుబ్బు చేసే దశలో బాగా ఎదుగుతున్న వరి పై ఆకులో నత్రజని 2.9 నుంచి 4.2 శాతం దాకా ఉంటుంది. పూత సమయానికి పోటాకులో 2.2 నుంచి 3 శాతం. కోత కోశాక గడ్డిలో మిగిలేది 0.6 నుంచి 0.8 శాతం మాత్రమే. తేడా అంతా ఎక్కువగా గింజలోకి వెళ్లిందే. పొటాషియం సంగతి దీనికి పూర్తిగా తలకిందులు. అది గడ్డిలోనే ఉండిపోతుంది. గడ్డి తగలబెట్టినా, పొలం దాటించినా పొటాషియం లెక్క తప్పుతుందని వ్యవసాయ శాస్త్రవేత్తలు పదేపదే చెప్పేది ఇందుకే.

ఇప్పుడు అసలు పీటముడి. ఆకును ముసలిదాన్ని చేసేది వయసేనా, నీడా? పొలంలో ఈ రెండింటినీ విడదీయలేం. ముందు పుట్టిన ఆకు కింద ఉంటుంది, కింద ఉన్నది కాబట్టి నీడలో ఉంటుంది. 1994లో జపాన్ పరిశోధకులు ఈ ముడిని చక్కగా విప్పారు. మన కాశీరత్నం కోవకు చెందిన ఒక తీగను పైకి పాకనివ్వకుండా నేలబారుగా అడ్డంగా పెంచారు. అప్పుడు ముసలి ఆకు, పడుచు ఆకు అన్నిటికీ ఒకే ఎండ. నత్రజని సమృద్ధిగా పెట్టిన తీగల్లో ముసలి ఆకులు కూడా తమ నత్రజనిని చాలావరకు నిలుపుకున్నాయి. నత్రజని కొరతగా పెట్టిన తీగల్లో ఎండ సమానంగా తగిలినా ముసలి ఆకులు ఖాళీ అయ్యాయి. ఇక ముసలి ఆకుల మీద కావాలని నీడ వేస్తే, నత్రజని ఉన్నా లేకున్నా ఖాళీ అయ్యాయి.

కాబట్టి ఆకుకు జాతకంలో రాసిపెట్టినన్ని రోజులే ఉండవు. మొక్క రెండు విషయాలు చూస్తోంది. ఈ ఆకుకు తగినంత వెలుగు అందుతోందా? ఇందులోని నత్రజని ఇంకో చోట ఎక్కువ అవసరమా? పైన కొత్త ఆకు నిండు ఎండలో ఉంటే, అదే నత్రజనితో అక్కడ ఎక్కువ చక్కెర వస్తుంది. నీడలో ఉన్న ఆకులో రుబిస్కో దండగ. నీడ పడిందని మొక్కకు తెలిసే మార్గం కూడా ఉంది. పై ఆకులు ఎర్ర కాంతిని వాడేసుకుని, దాని పక్కనున్న దూర ఎరుపు కాంతిని కిందికి వదిలేస్తాయి. ఈ రెండింటి నిష్పత్తిని కింది ఆకు పసిగడుతుంది.

మన వరి పొలంలో దీనర్థం వేరే చెప్పాలా? దగ్గర దగ్గరగా నాటి, మొదట్లోనే యూరియా దండిగా చల్లితే ఆకులు గుబురుగా కమ్ముకుంటాయి. కింది ఆకులు నీడలో పడి, ఆ మధ్యే పోసుకున్న నత్రజనిని పట్టుమని రెండు వారాలైనా వాడకముందే వదిలేస్తాయి. పైనుంచి చూసేవాడికి పైరు నల్లగా కళకళలాడుతుంది. లోపల ఆకుల పొర మాత్రం పలచబడిపోతుంది, పొడ తెగులుకీ సుడిదోమకీ అనువైన చెమ్మ పెరుగుతుంది. ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట వదలమని చెప్పేది ప్రధానంగా సుడిదోమ కోసమే అయినా, ఆ సందుల్లోంచి దిగే వెలుగు కింది ఆకులకూ అక్కరకొస్తుంది.

ఆకును విప్పమనే మూడో గొంతు గింజది. దీనికి మన దగ్గర కంటి ముందున్న ఉదాహరణ పొగాకు. కందుకూరు వైపో జంగారెడ్డిగూడెం వైపో వర్జీనియా పొగాకు పండించేవాళ్లకు ఆకు వార్ధక్యం గురించి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. వాళ్ల బతుకే దాని మీద. పూమొగ్గ రాగానే తల తుంచేస్తారు, పక్కల నుంచి వచ్చే పిలకల్ని తీసేస్తారు. సరుకు లాక్కునే పువ్వు, విత్తనం లేకపోవడంతో ఆ పోషకాలు ఆకులోనే ఉండిపోతాయి. ఆకు మందమవుతుంది, బరువెక్కుతుంది. రెలుపు, అంటే ఆకు కోత, కిందినుంచి మొదలవుతుంది. ముందు పక్వానికి వచ్చేవి కింది ఆకులే కాబట్టి అవి ముందు, వారం వారం పైవి తర్వాత. ఆకును వేడితో ఆరబెట్టే గది, అంటే బ్యారన్‌లో మొదటి ఒకటి రెండు రోజులు వేడి తక్కువగా, చెమ్మ నిలిచి ఉండేలా చూస్తారు. కోసిన ఆకు అప్పటికి చావలేదు. మొక్క మీద ఉంటే జరగాల్సిన పనినే అది లోపల కానిస్తుంది, పత్రహరితాన్ని విరుస్తుంది, పిండిపదార్థాన్ని చక్కెరగా మారుస్తుంది. కావలసిన పసుపు వచ్చాక వేడి పెంచి ఆకును ఆరబెడతారు. తొందరపడి ముందే వేడి పెంచితే ఆకు పచ్చగానే చచ్చి ఊరుకుంటుంది, ఆ పచ్చ మళ్లీ పోదు, వేలంలో ధర పలకదు.

పొగాకు జాతే ఇంకో వింత కూడా చూపించింది. నికోటియానా రస్టికా అనే హుక్కా పొగాకులో దాదాపు పూర్తిగా పసుపెక్కిన కింది ఆకును ఉంచి, దాని పైనున్న కాండం అంతా కోసేస్తే, కొన్ని రోజులకు ఆ పండాకు మళ్లీ పచ్చబడుతుంది. చితికిపోయిన హరితరేణువులు తిరిగి పనిలోకి వస్తాయి. అడిగేవాళ్లు పైన ఎవరూ లేకపోతే ముసలి ఆకు కూడా వెనక్కి రాగలదన్నమాట. ఇందులో సైటోకైనిన్ అనే హార్మోన్ పాత్ర పెద్దది. వేళ్ల నుంచి పైకి వచ్చే ఈ హార్మోన్ అందుతున్నంతకాలం ఆకు పచ్చగా నిలుస్తుంది. 1995లో అమెరికాలో గాన్, అమసినో అనే ఇద్దరు పరిశోధకులు పొగాకులో ఒక తెలివైన ఏర్పాటు చేశారు. ఆకు ముసలితనం మొదలవగానే మేలుకునే జన్యు స్విచ్‌కు సైటోకైనిన్ తయారుచేసే జన్యువును తగిలించారు. ముసలితనం మొదలైతే హార్మోన్ వస్తుంది, హార్మోన్ రాగానే ముసలితనం ఆగుతుంది, అది ఆగగానే స్విచ్ ఆరిపోతుంది. ఆ మొక్కల్లో అడుగు ఆకులు కూడా చాలాకాలం పచ్చగా నిలిచి పనిచేశాయి.

దీంతో సహజంగానే ఒక ఆశ పుట్టింది. అన్ని పైర్లలోనూ ఆకుల్ని ఎక్కువ రోజులు పచ్చగా ఉంచగలిగితే దిగుబడి పెరగదా? ఇక్కడే జాగ్రత్తగా చూడాలి. పచ్చగా నిలవడంలో రెండు రకాలున్నాయి. ఒకటి, పని కూడా నిలవడం. రెండోది, పని పోయి రంగు మాత్రం నిలవడం. రెండో రకానికి అందరికీ తెలిసిన ఉదాహరణ మెండల్ బఠాణీలు. 1866లో ఆయన అచ్చువేసిన ఏడు లక్షణాల్లో గింజ పప్పు పసుపా, పచ్చా అన్నది ఒకటి. దాని వెనకున్న జన్యువు 2007లో బయటపడింది. పత్రహరితాన్ని విరిచే పనిలో మొదటి అడుగుకు కావలసిన జన్యువు అది. అది చెడితే పత్రహరితం పోదు. రుబిస్కో మాత్రం మామూలుగానే పోతుంది. వరిలోనూ ఈ జన్యువు చెడిన రకాలను పరిశీలించారు. కోత నాటికీ ఆకులు పచ్చగానే ఉంటాయి గానీ చక్కెర తయారీ మాత్రం మామూలు మొక్కలతో పాటే పడిపోతుంది. చూపుకు పచ్చదనం, గాదెకు సున్నా.

మొదటి రకంలోనూ మెలిక ఉంది. 2006లో అమెరికా, ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు అడవి గోధుమలో ఒక జన్యువును గుర్తించారు. ఇది ఆకుల్ని త్వరగా పండిస్తుంది, అందులోని నత్రజని, జింకు, ఇనుము గింజలోకి వేగంగా చేరేలా చేస్తుంది. మనం తినే ఆధునిక గోధుమల్లో చాలావాటిలో ఇది పనిచేయడం లేదు. ఈ కుటుంబపు జన్యువుల పనిని గోధుమలో అణిచివేసి చూస్తే ఆకులు మూడు వారాలకు పైగా ఆలస్యంగా పండాయి. గింజల్లో ప్రొటీన్, జింకు, ఇనుము 30 శాతానికి పైగా తగ్గాయి. ఆకు నిలిస్తే పిండిపదార్థం పెరగవచ్చు, ఆకు విప్పితే ప్రొటీన్, ఖనిజాలు వస్తాయి. రెండూ ఒకేసారి కావాలనడం అంత తేలిక కాదు.

వరిలో ఈ లాగులాట ఎలా ఉంటుందో చైనాలోని యాంగ్‌ఝౌ విశ్వవిద్యాలయంలో జియాన్‌చాంగ్ యాంగ్ బృందం చాలా ఏళ్లు చూసింది. నత్రజని ఎక్కువైన పైరు చివరి దాకా పచ్చగా ఉంటుంది, కాండంలో దాచుకున్న చక్కెర గింజకు చేరకుండానే కోతకొస్తుంది. పూత అయిన కొద్ది రోజులకు అలాంటి మడిని కాస్త ఆరనిస్తే ఆకులు త్వరగా పండాయి, కాండంలోని నిల్వ కదిలింది, గింజ వేగంగా నిండింది. గట్టిగా ఎండగడితే మాత్రం నష్టమే. ఇక్కడ 'కాస్త' అన్న మాటను వదిలేసి ఎవరైనా పొలం బీటలు తీయిస్తే తప్పు ఆ ప్రయోగానిది కాదు.

పచ్చగా నిలవడం నిజంగా లాభించిన చోటు జొన్న. రబీ జొన్నను మన నల్లరేగడి నేలల్లో చాలావరకు నేలలో మిగిలిన పదును మీదే పండిస్తారు. పూత దాటాక నీరు అడుగంటుతుంది, ఆకులు గబగబా మాడిపోతాయి, గింజ సన్నబడుతుంది, కాండం మెత్తబడి చేను పడిపోతుంది. ఇథియోపియా నాటు జొన్న నుంచి వచ్చిన బి-35 అనే రకంలో కరువులోనూ ఆకులు పచ్చగా నిలిచే గుణం ఉంది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు ఆ గుణాన్నిచ్చే క్రోమోజోమ్ భాగాల్ని ఇతర జొన్న రకాల్లోకి ఎక్కించి పరీక్షించారు. ఆకు గట్టిది కాబట్టి నిలిచిందని మొదట్లో అనుకునేవారు. ఆస్ట్రేలియాలో జరిగిన పరిశీలనల్లో వేరే కారణం తేలింది. ఆ రకాలు పిలకలు తక్కువ వేస్తాయి, పై ఆకుల సైజు చిన్నది, దాంతో పూతకు ముందు నేలలోని నీటిని పొదుపుగా వాడతాయి. ఆ మిగిలిన నీరు గింజ నిండే వేళకు ఆకును కాపాడుతుంది. ముసలితనాన్ని వెనక్కి నెట్టింది లేతప్పుడు చేసిన పొదుపే. చొప్ప పచ్చగా ఉండటం వల్ల పశువులకూ మేలే.

పత్తిలో చిక్కు ఇంకో రకం. పత్తి ఆకు విచ్చుకున్న 20 రోజులకు అటూ ఇటూగా మంచి పనిమీద ఉంటుంది, తర్వాత దిగజారుతుంది. దాని చంకలో పుట్టిన కాయకు తిండి ఎక్కువగా కావలసింది ఆ తర్వాతే. కాయ పూర్తిగా ముదరడానికి 50 రోజుల దాకా పడుతుంది. అందుకే కాయ తన పక్క ఆకు ఒక్కదాని మీదే ఆధారపడకుండా, పైనున్న పడుచు ఆకుల నుంచి తెచ్చుకుంటుంది. కాయలు దిగే వేళ పత్తి ఆకులు ఎర్రబడటం మెగ్నీషియం చాలక కావచ్చు. పత్రహరితం అణువు నడిబొడ్డున ఉండేది మెగ్నీషియమే. లీటరు నీటికి 10 గ్రాముల మెగ్నీషియం సల్ఫేట్ కలిపి కొట్టమనేది ఇందుకే.

ఇదంతా తెలిశాక పొలంలో ఆకును చూసే తీరు కొంచెం మారుతుంది. పసుపు ఏ వయసు ఆకులో మొదలైందో ముందు చూడాలి. నత్రజని, పొటాషియం, మెగ్నీషియం మొక్కలో కదిలే పోషకాలు. కొరత వస్తే ముసలి ఆకుల నుంచి లాగి పడుచు ఆకులకు పంపుతుంది కాబట్టి పసుపు కింద మొదలవుతుంది. ఇనుము కదలదు. సున్నపు నేలల్లో వేరుశనగకు ఇనుము అందకపోతే కొత్త చిగురే తెల్లబారుతుంది, కింది ఆకులు బాగానే ఉంటాయి. రెండింటికీ ఒకే మందు కొట్టేవాళ్లు ఇప్పటికీ తక్కువేమీ లేరు.

వరిలో యూరియా ఎప్పుడు వేయాలో తేల్చే ఆకు రంగుల పట్టీ కూడా వయసు లెక్క మీదే నడుస్తుంది. పట్టీని ఆనించాల్సింది పూర్తిగా విచ్చుకున్న ఆకుల్లో అన్నిటికన్నా పైదానికి, అదీ ఆకు మధ్య భాగానికి. సగం విచ్చుకున్నది ఇంకా కూడబెట్టుకుంటోంది, కిందిది ఇప్పటికే ఖాళీ అవుతోంది. రెండూ తప్పుదారి పట్టిస్తాయి. సూర్యుడికి వీపు పెట్టి, మన నీడ ఆకు మీద పడేలా నిలబడి, పది దుబ్బుల్లో చూడాలి. వారం పది రోజులకోసారి చూస్తూ పూత దాకా కొనసాగించాలి. డ్రోన్లు, ఉపగ్రహాలు తీసే పచ్చదనం పటాలకు కూడా ఇదే పరిమితి. అవి చూసేది రంగును, చక్కెర తయారీని కాదు. దీన్ని దాటడానికి వేరే దారి ఉంది. పనిచేస్తున్న పత్రహరితం తాను పీల్చిన వెలుగులో ఒకటి రెండు శాతాన్ని ఎర్రటి మినుకుగా తిరిగి వదులుతుంది. మన కంటికి కనిపించని ఆ మినుకును 2011 నుంచి ఉపగ్రహాల సాయంతో ప్రపంచ పటంగా గీస్తున్నారు. మొదటి పటాలు జపాన్ వారి గోశాట్ ఉపగ్రహం ఇచ్చిన సమాచారంతో వచ్చాయి. రైతు మడి స్థాయికి అది దిగి రావడానికి ఇంకా సమయముంది.

మొదట్లో వచ్చిన అరబస్తా యూరియా అనుమానానికి ఇక జవాబు చెప్పవచ్చు. పాలు పోసుకునే దశలో నాలుగో ఆకు, ఐదో ఆకు పండటం మామూలే. పై మూడు ఆకులు పచ్చగా, తెగులు లేకుండా ఉంటే చాలు. ఆఖరి దఫా నత్రజని అంకురం ఏర్పడే దశలో, అంటే పిలక లోపల వెన్ను పుట్టే వేళ, వేయమనడానికి కారణం, అప్పుడింకా పై ఆకులు విచ్చుకోబోతున్నాయి. రుబిస్కో కూడబెట్టుకునే అవకాశం వాటికి అప్పుడే ఉంది. ఈనిక తర్వాత చల్లినది ఎక్కువగా సుడిదోమకూ మెడవిరుపు తెగులుకూ పనికొస్తుంది. ఆకుముడత, ఎండాకు తెగులు పోటాకు మీదికి ఎక్కితే మాత్రం ఊరుకోకూడదు. గింజలోని పిండిలో 60 శాతానికి పైగా ఈనిన తర్వాత చేసుకున్న చక్కెర నుంచే వస్తుంది, అందులో పెద్ద వాటా ఈ పై ఆకులదే.

పోటాకు చివరి రోజుల్లో చేసే కొద్దిపాటి పని ఎవరికి దక్కుతుందో వెన్నును విడదీసి చూస్తే తెలుస్తుంది. వరి వెన్ను పైనుంచి కిందికి పూస్తుంది. పై రెమ్మల గింజలు ముందు పూసి, ముందు నిండి, ముందు గట్టిపడతాయి. అడుగు రెమ్మల గింజలు ఆలస్యంగా పూస్తాయి, పైవాటికి సరిపోయాక మిగిలింది అందుకుంటాయి. పెద్ద వెన్నులు వేసే రకాల్లో తాలు ఎక్కువగా కనిపించేది ఆ అడుగు భాగంలోనే. పై గింజలు పసుపు తిరిగాక కూడా పోటాకు ఇంకో వారం పది రోజులు పనిచేస్తే, ఆ చక్కెర పోయేది అక్కడికే.